హైస్కూలు పిల్లలకి గాంధారి కావాలి

విదేశాల్లో మనం నడిపే వీకెండ్ తెలుగు క్లాసుల్లో పిల్లలు పద్యం అప్పజెప్పగానే టీచరు అడిగే మొదటి ప్రశ్న "ఇందులో నీతి ఏమిటి?" వేమనకీ, సుమతీ శతకానికీ ఆ ప్రశ్న చెల్లుతుంది. పదిహేనేళ్ల పిల్లల్ని కూడా అదే అడుగుతున్నామనేది నా ఫిర్యాదు. ఆ వయసొచ్చేసరికి వాళ్లలో చాలామంది తాతయ్యనో అమ్మమ్మనో కడసారి సాగనంపడం వీడియో కాల్లో చూసేసి ఉంటారు. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ పట్టపగలు. ఎవరో పట్టుకున్న ఫోను ఊగుతూ ఉంటుంది. అలా చూడటం గురించి క్లాసులో మనం ఒక్క మాటా మాట్లాడం.

భారతం మాట్లాడింది. స్త్రీపర్వంలో, యుద్ధం ముగిశాక, వ్యాసుడి వరంతో వచ్చిన దివ్యదృష్టితో గాంధారి రణభూమిని దూరం నుంచే దగ్గరున్నట్టు చూస్తుంది. చూసినదాన్నల్లా కృష్ణుడికి చూపిస్తుంది. కూతురు దుస్సల భర్త తల కనబడక అటూ ఇటూ పరుగెత్తుతోంది. ఉత్తర అభిమన్యుడి తల ఒళ్లో పెట్టుకుని, నెత్తురంటిన జుట్టు చేత్తో పైకి తీస్తూ, బతికున్నవాణ్ణి అడిగినట్టు ఏదో అడుగుతోంది. కొందరు ఆడవాళ్లు దొరికిన తలను ఓ మొండేనికి చేర్చి చూసి, ఇది ఆయనది కాదని గుర్తుపట్టి కుప్పకూలుతున్నారు. ఇందులో నీతి ఏమిటని అడగడానికి ఏ టీచరుకైనా నోరు రాదు. ఈ పర్వాన్ని తెలుగు చేసింది తిక్కన. ఆయన పద్యాలు పది ఏరుకున్నా చాలు.

ఇదే పాఠంలోకి సైన్సునీ తీసుకురావాలంటాను. గాంధారి కళ్లు బాగానే ఉన్నాయి, గంతలు తనే కట్టుకుంది. అన్నేళ్లు కట్టుకుంటే మెదడు ఏమవుతుంది? బోస్టన్ పరిశోధకులు చూపున్నవాళ్లకే ఐదు రోజుల పాటు గంతలు కట్టి బ్రెయిలీ నేర్పించారు. తల వెనక భాగంలో చూపు కోసం ఉన్న ప్రాంతం వేలికొసల స్పర్శకి స్పందించడం మొదలుపెట్టింది. గంతలు విప్పిన ఒక్క రోజుకే ఆ మార్పు పోయింది. 2008లో వచ్చిన ఫలితం ఇది. ఐదు రోజులకే అంత మారితే, కొడుకుల్ని చేత్తో తడిమే పెంచిన తల్లి మాటేమిటి? (టీవీ సీరియళ్లు చూసిన పిల్లలు ఇక్కడ, గాంధారి గంతలు విప్పి చూడగానే దుర్యోధనుడి ఒళ్లు వజ్రమైపోయిందన్న కథ ఎత్తుతారు. వ్యాసభారతంలో అది లేదని చెప్పి ముందుకెళ్లాలి.)

అసలు ప్రశ్న ఆ తర్వాతది. చేత్తో మాత్రమే తెలిసినదాన్ని కన్ను గుర్తుపడుతుందా? 1688లో డబ్లిన్‌కి చెందిన విలియం మాలినో ఈ ప్రశ్న వేశాడు. పుట్టు గుడ్డివాడికి ఉన్నట్టుండి చూపొస్తే గోళమేదో ఘనమేదో చూసి చెప్పగలడా అని. ఎంఐటీ ప్రొఫెసర్ పవన్ సిన్హా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్ ఇండియాలో పుట్టుకతో చూపు లేని పిల్లలకి ఆపరేషన్లు చేయిస్తుంది. అలా చూపొచ్చిన పిల్లలు కొందరిని పరీక్షిస్తే, చేత్తో తడిమిన వస్తువును కంటితో వెంటనే పోల్చుకోలేకపోయారు. కొన్నాళ్లలోనే నేర్చుకున్నారు. 2011లో ఇది అచ్చయింది.

క్లాసులో చురుకైన పిల్ల ఎవరో ఒకరు తప్పకుండా లేచి అడుగుతుంది: గాంధారి పుట్టు గుడ్డిది కాదుగా, పెళ్లికి ముందు అన్నీ చూసిందిగా అని. నిజమే. ఆమెకి చూడటం వచ్చు, ఈ ముఖాలే తెలియవు. మరి దుర్యోధనుణ్ణి ఎలా గుర్తుపట్టింది? దివ్యదృష్టి అని ఒకరంటారు, గొంతు వినబడకుండా ఎలా అని ఇంకొకరంటారు. ఆ వాదన జరగనివ్వాలి. దుఃఖం గురించి "నీకేమనిపిస్తోంది?" అని సూటిగా అడిగితే టీనేజర్ భుజాలెగరేసి ఊరుకుంటాడు. కన్నెలా పనిచేస్తుందో మాట్లాడుతుంటే మాత్రం, తాతయ్య మొహం ఫోన్లో వేరేలా కనబడిందని వాడే చెప్పొచ్చు. చెప్పకపోయినా పర్వాలేదు.

"పిల్లలకి ఈ ఏడుపులెందుకండీ, సంక్రాంతి పాటలు నేర్పండి" అనే తల్లిదండ్రులుంటారని తెలుసు. పాటలూ నేర్పుదాం. కానీ ఆ అర్ధరాత్రి ఫోను వాళ్ల చేతికిచ్చింది మనమే కదా. అప్పుడు వయసు చాలదని ఎవరూ అనలేదు.

కొత్త సిలబస్ వేసే కమిటీని నేను అడిగేది రెండే వారాలు. ఒక వారం పద్యాలకి, ఒక వారం కంటికి. రెండో వారానికి తెలుగు టీచరు బెంగపడక్కర్లేదు, మన అసోసియేషన్‌లో డాక్టర్లకేం కొదవ? ఏటా స్టేజీ మీద శాలువా కప్పి పంపేసే బదులు, ఒక్క శనివారం క్లాసుకి పిలుద్దాం.