మా రోడ్డు ఎప్పుడు బాగుపడుతుంది?

నాగపూర్ మెట్రోను శివార్లలోని బుటీబోరీ, కన్హాన్, హింగణా వైపు పొడిగించడానికి 2022 డిసెంబరులో కేంద్రం ఒప్పుకుంది. 43.8 కిలోమీటర్లు, 6,708 కోట్లు. వద్దనను. బుటీబోరీ ఫ్యాక్టరీలకు రోజూ పోయొచ్చే కార్మికులకు అది కావాల్సిందే.

నా బాధంతా మా సిరొంచ గురించి. మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లాలో రైలెక్కాలంటే ఉత్తరపు కొసన ఉన్న వడసాకు పోవాలి. మేముండేది దక్షిణపు చివర, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట. వానలు పడ్డాయంటే ఆలపల్లి రోడ్డంతా గుంతలే. బస్సు వస్తుందో రాదో చెప్పే దిక్కుండదు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఆ గుంతల్లో ఎట్లా తీసుకుపోవాలి? మా పిల్లలు కాలేజీకి ఎట్లా పోవాలి?

మేం మెట్రో అడగట్లేదు. టైముకొచ్చే బస్సు ఇవ్వండి, రోడ్డు బాగుచేయండి.