బేగం అఖ్తర్ పాటను దుఃఖం ఖాతాలో వేయకండి

గజల్ గాయని బేగం అఖ్తర్ గురించి ఏ భాషలో చదివినా కథ దాదాపు ఒకటే. తండ్రి కాదన్నాడు. కవల సోదరి పసితనంలోనే పోయింది. పెళ్లయ్యాక పాట ఆగిపోయింది. తల్లి మరణంతో మనిషి కుంగిపోయింది. ఇన్ని దెబ్బలు తిన్నారు కాబట్టే ఆ గొంతులో అంత వేదన పలికిందని చివర్లో ఒక తీర్పు. సంఘటనలు జరిగినవే. ఆ తీర్పుతోనే నాకు పేచీ.

కష్టాలు పడ్డ ఆడవాళ్లు ఈ దేశంలో ఏ వీధిలోనైనా కనిపిస్తారు. వాళ్లందరికీ ఉర్దూ కవి మోమిన్ గజల్‌ను అలా పాడటం రాలేదు. ఆమెకు వచ్చింది, ఎందుకంటే నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి, ఊళ్లు మారుతూ, గురువులు మారుతూ నేర్చుకున్నారు. ఆ చదువును పక్కన పెట్టి గొప్పతనమంతా కన్నీళ్లకు కట్టబెడితే, ఆమె కష్టపడి సంపాదించుకున్నది ఆమెది కాకుండా పోతుంది. మగ విద్వాంసుల గురించి రాసేటప్పుడు ఘరానా (గురుశిష్య సంగీత సంప్రదాయం), గురువు, సాధన అని మొదలుపెడతాం. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి పెళ్లి, ఒంటరితనం, సిగరెట్లు ముందుకొస్తాయి. ఈ తేడా నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతోంది.

1914 అక్టోబరు 7న ఫైజాబాద్‌లో పుట్టిన అఖ్తరీ (అప్పట్లో ఆమె పేరు అదే) ఆటపాటలే వృత్తిగా బతికే ఒక తవాయిఫ్ కూతురు. తల్లి ముష్తరీ బాయి. తండ్రి అస్గర్ హుస్సేన్ వకీలు. తల్లీబిడ్డలను తన వాళ్లుగా ఒప్పుకోలేదు. అయినా ఆ తల్లి కూతురి సంగీతం విషయంలో ఎక్కడా రాజీపడలేదు. మొదట పాట్నాకు చెందిన సారంగీ విద్వాంసుడు ఇమ్దాద్ ఖాన్ దగ్గర, ఆ తర్వాత పటియాలా ఘరానాకు చెందిన అతా మహమ్మద్ ఖాన్ దగ్గర, మరి కొంతకాలానికి కిరానా ఘరానా దిగ్గజం అబ్దుల్ వహీద్ ఖాన్ దగ్గర నేర్పించింది. ఈ ముగ్గురి పేర్లు చాలా వ్యాసాల్లో ఒక్క వాక్యంలో దాటిపోతాయి. నిజానికి కాస్త ఆగాల్సింది ఇక్కడే.

సారంగీ మనిషి గొంతుకు అతి దగ్గరగా వెళ్లే వాద్యం. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారేటప్పుడు మధ్యలో ఏం జరుగుతుందో ఆ వాద్యం దగ్గర పెరిగిన చెవికి బాగా తెలుస్తుంది. పటియాలా వాళ్ల బలం చురుకు, మెరుపులాంటి తానాలు, అంటే వేగంగా దొర్లే స్వరాల వరుసలు. కిరానాది దానికి పూర్తిగా ఎదురుదారి. అబ్దుల్ వహీద్ ఖాన్ ఒక్కో స్వరం దగ్గర నిలబడి, తొందర లేకుండా రాగాన్ని విప్పేవారు. బేగం అఖ్తర్ గజల్ వింటుంటే ఈ మూడూ కనిపిస్తాయి. చిన్న తానం తళుక్కున మెరిసి ఆగిపోతుంది. ఒక మాట నుంచి మరో మాటకు జారుడు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆగాల్సిన చోట ఆగే ధైర్యం ఉంటుంది. గజల్ పాడేవాళ్లలో చాలామందికి గొంతు బాగుంటుంది, ఆ ధైర్యం ఉండదు.

గజల్ నిర్మాణమే ఆ ధైర్యం అడుగుతుంది. ప్రతి షేర్‌లో రెండే పాదాలు. మొదటి పాదం ఒక సంగతి ఎత్తుకుని మధ్యలో వదిలేస్తుంది. రెండో పాదం చివర్లో ప్రాస పదం, దాని వెంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి మాట, అంటే కాఫియా, రదీఫ్, వచ్చి అర్థాన్ని తేల్చేస్తాయి. రదీఫ్ ఏమిటో మొదటి షేర్‌లోనే అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి గాయని పని కొత్త మాట చెప్పడం కాదు. తెలిసిన మాట కోసమే జనాన్ని ఎదురుచూసేలా చేయడం. బేగం అఖ్తర్ మొదటి పాదాన్ని ఒకటికి నాలుగుసార్లు తిప్పి పాడతారు. ప్రతిసారీ ఒక్కో మాట మీద బరువు మారుస్తారు. ఠుమ్రీ అనే లలిత శాస్త్రీయ గానంలో మాటను పట్టుకుని భావం మార్చుతూ పోయే పద్ధతి ఇది. సభ ఇక ఉండబట్టలేని స్థితికి వచ్చాక అప్పుడు రెండో పాదం వదులుతారు.

షకీల్ బదాయూనీ రాసిన 'ఏ మొహబ్బత్ తేరే అంజామ్ పే రోనా ఆయా' తీసుకోండి. ఇందులో ప్రతి షేర్ చివరా ఏడుపొచ్చిందనే మాటే రదీఫ్. సామాన్య గాయకులకు ఇది పెద్ద ఉచ్చు. ప్రతిసారీ ఏడిస్తే మూడో షేర్‌కే వినేవాళ్లకు విసుగొస్తుంది. ఆమె ఏడవరు. ఒకసారి ఆ మాటను ఆశ్చర్యంగా అంటారు, ఒకసారి తేలిగ్గా దాటేస్తారు, మరోసారి ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు నిలబెడతారు. ఏడుపు వినేవాళ్లకు వదిలేస్తారు. ఈ గజల్ పుట్టిన తీరు గురించి ఆమె శిష్యులు చెప్పే ఒక కథ ఉంది. బొంబాయి నుంచి లక్నో వెళ్లే రైలు కదిలే సమయంలో షకీల్ ఒక కాగితం చేతికిచ్చి వెళ్లారట. దారిలో ఆమె దాన్ని తీసి చూసి, రైల్లోనే హార్మోనియం మీద భైరవిలో బాణీ కట్టేశారట. ప్రయాణం చేస్తూ కొన్ని గంటల్లో బాణీ కట్టాలంటే రాగం, ఛందస్సు రెండూ వేళ్ల కొసల్లో ఉండాలి. గుండెలో బాధ ఉంటే సరిపోదు.

ఇక ఆ గొంతు చీలిక సంగతి. పైస్థాయిని అందుకునేటప్పుడు ఆమె స్వరం ఒక్క క్షణం పగిలినట్టు అవుతుంది. ఇంకెవరి పాటలోనైనా శాస్త్రీయ సంగీతం తెలిసినవాళ్లు దాన్ని లోపమనే అంటారు. ఆమె శ్రోతలు మాత్రం దానికోసమే కాచుకుని కూర్చునేవారు. అది ఎక్కడ పడితే అక్కడ రాదు. షేర్‌లో అర్థం మలుపు తిరిగే మాట దగ్గర వస్తుంది, శ్రుతి చెదరకుండా వచ్చి వెళ్లిపోతుంది. దాన్నే 'గుండె పగిలిన శబ్దం' అని రాసేస్తున్నాం. నాకు మాత్రం అది తన గొంతు గుణమేమిటో, హద్దులేమిటో తెలిసిన కళాకారిణి లోపాన్నే అలంకారంగా మార్చుకున్న పద్ధతిలా వినిపిస్తుంది.

మొదట్లో ఆమెను బహిరంగ వేదిక మీద గుర్తించిన వాళ్లలో సరోజినీ నాయుడు ఒకరు. 1934 బిహార్ భూకంప బాధితుల కోసం కలకత్తాలో జరిగిన కచేరీలో అఖ్తరీ పాట విని ఆమె మెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో ఉర్దూ కవిత్వం మధ్య పెరిగిన సరోజినికి ఆ ఉచ్చారణ విలువ వెంటనే తెలిసి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత మెగాఫోన్ కంపెనీ రికార్డులు, కొన్ని సినిమాలు. 1942లో మెహబూబ్ ఖాన్ తీసిన 'రోటీ'లో నటించారు. అప్పటికే అఖ్తరీ బాయి ఫైజాబాదీ అంటే దేశమంతా తెలిసిన పేరు.

1945లో లక్నో బారిస్టర్ ఇష్తియాక్ అహ్మద్ అబ్బాసీతో పెళ్లయింది. పాట మానేయాల్సి వచ్చింది. నాలుగైదేళ్లు పాడలేదు, ఆరోగ్యం పాడైంది. చివరకు మళ్లీ పాడటమే మందు అని తేలింది. 1949లో లక్నో రేడియో స్టేషన్‌లో తిరిగి పాడారు. ఈ భాగాన్ని విధి ఆడిన నాటకంలా చెప్పడం నాకు నచ్చదు. భర్తను విలన్‌ను చేయడం కూడా సరికాదు. తవాయిఫ్ ఇంట్లో పుట్టిన స్త్రీ మర్యాదస్తుల ఇంట్లో అడుగు పెట్టాలంటే కట్టాల్సిన మూల్యం అది. ఆ మూల్యం నిర్ణయించింది సమాజం, దానికి ప్రభుత్వమూ తోడైంది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ఆకాశవాణి 'వ్యక్తిగత జీవితం సరిగా లేని' గాయనులను దూరం పెట్టింది. తరాలుగా ఠుమ్రీని, దాద్రాను, గజల్‌ను కాపాడుకొచ్చిన స్త్రీలు మైకు ముందుకు రావాలంటే పెళ్లి చేసుకోవాల్సిన పరిస్థితి. అఖ్తరీ బాయి పోయి బేగం అఖ్తర్ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

తెలుగువాళ్లకు ఇది పరాయి చరిత్రలా అనిపించకూడదు. క్షేత్రయ్య పదాలను, జావళీలను గొంతులో, అభినయంలో నిలబెట్టిన కలావంతుల కుటుంబాలకు ఇదే జరిగింది. పాటను గౌరవనీయం చేశాం, దాన్ని మోసుకొచ్చిన వాళ్లను పక్కకు నెట్టాం. లక్నోలోనూ అంతే.

తిరిగి వచ్చాక కూడా షరతులు పూర్తిగా పోలేదు. దేశమంతా పాడిన మనిషి తాను స్థిరపడిన లక్నోలో మాత్రం బహిరంగ కచేరీలకు దూరంగానే ఉన్నారు. 1962లో చైనా యుద్ధ సమయంలో సాయం కోసం ఒక కచేరీ చేస్తే, అదీ ఆడవాళ్లకు మాత్రమే. అయినా ఈ రెండో దశలోనే ఆమె చేసిన పని పెద్దది. శాస్త్రీయ గానమైన ఖయాల్ పాడేవాళ్ల ముందు ఠుమ్రీ, గజల్‌లను చిన్నచూపు చూసే రోజుల్లో వాటిని సంగీత సభల ప్రధాన వేదిక మీదికి తెచ్చారు. గాలిబ్, మీర్‌లతో ఆగిపోకుండా బతికున్న కవులను పాడారు. షకీల్, కైఫీ ఆజ్మీ, అప్పటికి కుర్రవాడైన సుదర్శన్ ఫాకిర్, అందరికీ ఆమె గొంతు చోటిచ్చింది. గజల్ పాత సామాను కాదనీ, ఇవాళ్టి మాట కూడా అందులో ఇముడుతుందనీ ఆమె పాడి చూపించారు. తర్వాత ఇంటింటికీ క్యాసెట్లలో చేరిన గజల్‌కు బాట పడింది ఇక్కడే. అయితే ఆ క్యాసెట్ల కాలంలో బాణీలు తేలికయ్యాయి, గిటార్లు వచ్చాయి, మాట మీద నిలిచే ఓపిక తగ్గింది. అది నాకు బాధే.

1968లో పద్మశ్రీ, 1972లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి. అహ్మదాబాద్‌కు కచేరీ కోసం వెళ్లి 1974 అక్టోబరు 30న అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మభూషణ్ ప్రకటించారు. లక్నో ఠాకూర్‌గంజ్ దగ్గర పసంద్ బాగ్‌లో తల్లి సమాధి పక్కనే ఆమె సమాధి. ఒకప్పటి మామిడితోట చుట్టూ ఇళ్లు లేచాయి, సమాధులను పట్టించుకునేవాళ్లు లేకపోయారు. 2012లో శిష్యులు, అభిమానులు పూనుకుని బాగుచేసేదాకా అలాగే ఉన్నాయి.

ఆ శిష్యుల గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటాను, ఎందుకంటే నా వాదనకు అసలు సాక్ష్యం వాళ్లే. లక్నోలోని భాత్‌ఖండే సంగీత కళాశాలలో ఆమె పాఠం చెప్పారు. శిష్యుల చేతికి గండా కట్టి గురువుగా స్వీకరించే హక్కు అప్పటిదాకా ఉస్తాదులదే అన్నట్టు ఉండేది. ఆమె తన శిష్యురాళ్లకు తానే ఆ దారం కట్టారు. శాంతి హీరానంద్, అంజలీ బెనర్జీ, రీటా గంగూలీ లాంటివాళ్లు ఆమె దగ్గర తయారయ్యారు. వాళ్లు కోఠాల్లో (తవాయిఫ్‌ల ఇళ్లలో) పుట్టినవాళ్లు కాదు, ఆమె పడ్డ కష్టాలూ పడలేదు. అమ్మీ అని పిలిచిన గురువు దగ్గర కూర్చుని ఉర్దూ మాట ఎక్కడ విరవాలో, రదీఫ్‌ను ఎంతసేపు ఆపాలో, హార్మోనియం ఎక్కడ తగ్గించాలో ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. శాంతి హీరానంద్ 2020లో పోయారు. అంతకుముందు దశాబ్దాల పాటు ఆమె కూడా పిల్లలను కూర్చోబెట్టి అవే నేర్పించారు.