ఫార్మాట్ కొట్టేద్దామా సార్?

శ్రీకాకుళంలో కంప్యూటర్ వైద్యం బాగా ముదిరింది. రోగాలు ఎన్నయినా మందు ఒక్కటే. నెమ్మదిగా నడుస్తోందా, ఫార్మాట్. వైరస్ ఎక్కిందా, ఫార్మాట్. ప్రింటర్ ఉలకదు పలకదా, ఫార్మాట్. కీబోర్డు మీద టీ ఒలికిందంటే షాపు కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించి, "ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం సార్" అంటాడు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మొదలుపెట్టి ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిచి వెళ్లండి. బోర్డులు మారతాయి గానీ మాట మారదు. ఆ మాట మీరూ వినే ఉంటారు. విని, ఐదొందలు ఇచ్చి, ఖాళీ కంప్యూటర్ ఇంటికి తెచ్చుకునే ఉంటారు.

మా ఇంట్లో ఒక మీడియా సర్వర్ ఉంది. సర్వర్ అనగానే ఏసీ గది, గాజు తలుపులు ఊహించుకోకండి. ఒక పాత డెస్క్‌టాప్ కేబినెట్, అందులో విండోస్‌కు బదులు లినక్స్, దాని మీద జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. 2018 డిసెంబరులో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇకమీదట కోడ్ బయటపెట్టం అనేసరికి, అప్పటిదాకా బయట ఉన్న కోడ్ పట్టుకుని కొందరు వాలంటీర్లు పెట్టిన వేరుకుంపటి ఇది. చుట్టాల పెళ్లి వీడియోలు, ఎప్పటివో వీసీడీలు, అందరి ఫోన్లలోంచి లాగిన క్లిప్పులు అన్నీ అందులో ఉంటాయి. హాల్లో టీవీ పెట్టుకుని ఎవరికి కావలసింది వాళ్లు చూసుకుంటారు. కొంతకాలంగా ఏమైందంటే, సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటితే చాలు, అది చెప్పాపెట్టకుండా చచ్చి, దానంతట అదే మళ్లీ లేచి కూర్చుంటోంది. తాళి కట్టే ఘట్టం వచ్చేసరికి తెర మీద చక్రం తిరుగుతుంది. ఎవరి పెళ్లీ పూర్తికావడం లేదు.

దీని మీద ఒక ఆదివారం మా హాల్లో మహాసభ జరిగింది. అధ్యక్షులు మా మావయ్యగారు. ఆయనది ఉద్దానం. జీడితోటలో పాత మోటారుతో జీవితమంతా కుస్తీ పట్టిన మనిషి. ఏ యంత్రమైనా తంతే నడుస్తుందని ఆయన సిద్ధాంతం. "మజ్జిలో ఆగిపోనాదంటే లోపలేదో పట్టేసినట్టే బాబూ. ఓ పాలి తన్ని సూడు" అన్నారు. నేను నసుగుతుంటే ఆయనే పంచె కాస్త పైకి పట్టుకుని లేచారు. సమయానికి మా ఆవిడ కాఫీ తెచ్చింది కాబట్టి సరిపోయింది.

మేడ మీద అద్దెకుంటున్న బీటెక్ కుర్రాడు, "ఇంకా ఇవన్నీ ఇంట్లో పెట్టుకుంటున్నారేంటి అంకుల్, క్లౌడ్‌లో పడేయండి" అన్నాడు. నెలనెలా డబ్బులు ఎవడు కడతాడురా అంటే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇక మా తోడల్లుడు. ఆయన అరసవల్లి వైపు ఇల్లు కట్టినప్పుడు వాస్తు పుస్తకాలు చదివాడు. ఇల్లు అయిపోయింది గానీ చదువు అవలేదు. హాలంతా ఒకసారి కలయజూసి, "తమ్ముడూ, అసలు దోషం ఇక్కడుంది. ఈశాన్యంలో బరువు పెట్టావు. అందులోనూ కరెంటు వస్తువు. అగ్ని తత్వం. దాని స్థానం ఆగ్నేయం" అన్నాడు. సభ ఒక్కసారిగా ఊపిరి పోసుకుంది. ఇంతసేపూ ఎవరికీ అర్థంకాని విషయం కాస్తా అందరికీ తెలిసిన విషయం అయిపోయింది.

వెంటనే ఊరేగింపు బయల్దేరింది. ముందు తోడల్లుడు, చేతుల్లో కేబినెట్. ఆయన పక్కన బీటెక్ కుర్రాడు, ఫోన్‌లో దిక్సూచి. వెనక మావయ్యగారు, నేల మీద ఈడ్చుకుపోతున్న వైర్లు చుట్టబెట్టుకుంటూ. ఇనప కేబినెట్ పక్కన ఫోన్ పెడితే దిక్సూచి తనకు తోచిన దిక్కు చూపిస్తుంది. ఆ సంగతి చెబుదామనే అనుకున్నాను. కానీ బీటెక్ కుర్రాడు "ఆగ్నేయం ఇటు అంకుల్... కాదు కాదు, ఇటు" అంటుంటే ఊరేగింపు భోజనాల బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తిచేసింది. చూడముచ్చటగా ఉండి ఊరుకున్నాను. ఒకసారి ఆగ్నేయం పూజగదిలోకి వెళ్లింది. ఒకసారి గడప దాటి పక్కింటివాళ్ల గోడ మీదకు పోయింది. చివరికి తోడల్లుడి చేతులు లాగేసి, వంటింట్లో గ్రైండర్ పక్కన దించేశాడు. అక్కడే ఆగ్నేయం స్థిరపడింది. మా ఆవిడ సర్వర్‌కీ పప్పుల డబ్బాకీ మధ్య అట్లకాడ పట్టుకుని నిలబడి, "ఏమండీ, ఇది ఎన్నాళ్లు?" అంది. ఎవరూ జవాబివ్వలేదు.

విచిత్రం చూడండి, ఆ సాయంత్రం సర్వర్ ఆగలేదు. తోడల్లుడి ముఖం వెలిగిపోయింది. ఫోన్‌లో నలుగురికి చెప్పాడు. ఆ సాయంత్రం కరెంటు ఒక్కసారి కూడా పోలేదన్న ముక్క ఎవరికి కావాలి? మర్నాడు పోయింది. వంటింటి ప్లగ్గులకు ఇన్వర్టర్ లైను లేదు. సర్వర్ ఈసారి చచ్చి మళ్లీ లేవలేదు, ఆగ్నేయంలోనే.

అప్పుడు షాపు కుర్రాడు వచ్చాడు. బ్యాగ్ దించలేదు. ఏమవుతోందని అడగలేదు, ఎప్పుడు అవుతోందని అడగలేదు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, మూత నోటితో పీకి, "ఫార్మాట్ కొట్టేద్దామా సార్?" అన్నాడు.

నా బాధంతా ఇక్కడే. ఆ యంత్రం తనకేమైందో తనే రాసిపెడుతుంది. లినక్స్‌లో జర్నల్‌సీటీఎల్ అని ఒక కమాండ్ ఉంది. దాని పక్కన మైనస్ బి, మైనస్ 1 అని కొడితే గత జన్మలో, అంటే కిందటిసారి ఆన్ అయినప్పటి నుంచి ఆఖరి క్షణం వరకూ ఏం జరిగిందో వరసగా చెబుతుంది. మెమరీ చాలకపోతే లినక్స్ తనే ఒక ప్రోగ్రామ్‌ను ఎంచుకుని చంపేస్తుంది. చంపినట్టు 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అని హతుడి పేరుతో సహా నమోదు చేస్తుంది. ఇంత నిజాయితీగా ఎఫ్ఐఆర్ రాసేవాళ్లు మనకు ఎక్కడ దొరుకుతారు? వేడెక్కితే చాలాసార్లు అదీ రాస్తుంది. ఇప్పటి ఫోన్లు కొన్ని వీడియోలను తక్కువ చోటులో ఇమిడేలా హెచ్ఈవీసీ అనే పద్ధతిలో తీస్తాయి. మా టీవీ లాంటి పాత టీవీలకు అది అరగదు. అప్పుడు సర్వర్ కూర్చుని అప్పటికప్పుడు హెచ్.264 అనే పాత పద్ధతిలోకి మార్చి పంపాలి. గ్రాఫిక్స్ చిప్‌కు ఆ పని అప్పజెప్పకపోతే ప్రాసెసర్ నూటికి నూరు శాతం పనిచేస్తుంది. మన మే నెల ఉక్కలో, దుమ్ము పట్టిన ఫ్యాన్ కింద, దానికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. డిస్క్ చెడిపోతుంటే, అది తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్ల, అంటే చదవలేకపోతున్న ముక్కల, లెక్క పెరుగుతూ కనిపిస్తుంది.

మా సర్వర్ ఇంకా లేస్తున్న రోజుల్లో నేను చూసిన రాతల్లో ఇవేవీ లేవు. మామూలు కబుర్లు చెబుతూ చెబుతూ, వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు ఆగింది. షట్‌డౌన్ అన్న మాట లేదు, ఎర్రర్ అన్న మాట లేదు. అలా తెగిపోయిందంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు కరెంటు వచ్చే దారి చూడాలి. కేబినెట్ లోపల మిషన్‌కు కరెంటు అందించే పెట్టె ఎస్ఎంపీఎస్, ప్లగ్గు, ఇన్వర్టర్. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, చదవడం వస్తే చాలు.

"ఫార్మాట్ దేనికి బాబూ, ఇందులో ఏముందో తెలుసా?" అన్నాను. "ఏముంటాయి సార్, ఫొటోలు, వీడియోలే కదా" అన్నాడు.

ఫొటోలు, వీడియోలే. మావయ్యగారి తోటలో మా పెళ్లి జరిగింది. పందిరి గుంజలకు బదులు కొబ్బరిచెట్లే వాడారు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున చూసేసరికి ఆ చెట్లు వరసగా పడుకుని ఉన్నాయి. జీడి వేళ్లతో సహా లేచిపోయింది. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుందని ఈ జిల్లాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ తోట ఇవాళ నేల మీద లేదు, ఆ డిస్క్‌లో ఉంది. తన్నమన్న పెద్దాయన రోజూ సాయంత్రం చూసేది అదే. పెళ్లికొడుకుని కాదు, వెనకాల చెట్లని. ఎవడివయ్యా నువ్వు, పెన్‌డ్రైవ్ మూత నోట్లో పెట్టుకుని దాన్ని తుడిచెయ్యడానికి? బ్యాకప్ ఉందా అని ఒక్క మాట అడగడానికి నీ సొమ్మేం పోయింది? ఈ ఊళ్లో ఎంతమంది పిల్లల బారసాలలు, ఎంతమంది పోయినవాళ్ల గొంతులు ఇలా 'ఏముంటాయి సార్' కింద పోయాయి? అడిగితే "మీరు ముందే చెప్పాలి కదా" అంటారు. రోగి చచ్చాక అలెర్జీ సంగతి అడిగే డాక్టర్‌ని ఊళ్లో ఉండనిస్తామా? వీళ్లకు మాత్రం మనమే కుర్చీ వేసి కూల్‌డ్రింక్ ఇస్తాం.

అన్నట్టు, ఇప్పటికే ఎవరి డిస్క్ అయినా ఇలా పోయి ఉంటే దాని మీద ఇంకేమీ రాయకండి. క్విక్ ఫార్మాట్ కొడితే పాత హార్డ్‌డిస్క్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది, సరుకు చాలావరకు అక్కడే ఉంటుంది. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ కొంత వెనక్కి తీస్తుంది. మీవాడు దాని మీద కొత్త విండోస్ ఎక్కించి, నాలుగు ఆటలు కూడా వేసి ఉంటే ఇక పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కుర్రాణ్ణి కూర్చోబెట్టి, టార్చి ఇచ్చి, ఎస్ఎంపీఎస్ జాలీలోంచి లోపలికి చూడమన్నాను. తెరవొద్దన్నాను. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఆ పెట్టెలో ప్రాణం తీసే ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. లోపల పెద్ద కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. కరెంటు రెప్పపాటు పోతే ఆ రెప్పపాటు మిషన్‌ను నిలబెట్టేది అదే. హాల్లో ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్, నార్మల్ అని రెండు మోడ్‌లకు ఒక స్విచ్ ఉంటుంది. యూపీఎస్‌లో పెడితే లైను మారడం కంప్యూటర్ ఓర్చుకునేంత వేగంగా జరుగుతుంది, నార్మల్‌లో తీరిగ్గా జరుగుతుంది. అది నార్మల్‌లో ఉంది. బిగించిన మెకానిక్ అలాగే వదిలి వెళ్లాడు. సాయంత్రం కరెంటు కన్ను కొట్టినప్పుడల్లా ఉబ్బిన కెపాసిటర్ చేతులెత్తేసింది.

స్విచ్ మార్చాం, కొత్త ఎస్ఎంపీఎస్ వేశాం, సర్వర్‌ను ఆగ్నేయం నుంచి విడిపించి హాల్లోకి తెచ్చాం. తోడల్లుడు మాత్రం రెండు రోజులు ఆగ్నేయంలో ఉంచడం వల్లే దోషం పోయిందని ఇప్పటికీ అంటాడు.

కుర్రాడు బిల్లు రాసిచ్చాడు. ఎస్ఎంపీఎస్ ధర, దాని కింద 'ఫార్మాటింగ్ - 500'. ఫార్మాట్ చెయ్యలేదు కదయ్యా అన్నాను. "సర్వీస్ ఛార్జీకి మా బిల్లు బుక్కులో అచ్చయి ఉన్న లైను అదొక్కటే సార్" అన్నాడు.