పది రూపాయల వాషరు

మా బాత్రూంలో ట్యాపు కారడం మొదలై చాలా రోజులే అయింది గానీ అదొక సమస్యగా మారింది మాత్రం మా మామగారు వచ్చాకే. ఆయన గవర్నమెంటు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు, చుక్క కనబడితే లెక్క కట్టకుండా ఉండలేరు. రాత్రి వాచీ పట్టుకుని బాత్రూం ముందు కుర్చీ వేసుక్కూర్చుని, పొద్దున కాఫీ దగ్గర రిపోర్టు ఇచ్చారు. "అల్లుడుగారూ, సెకనుకో చుక్క. అంటే రోజుకి 86,400. సెలైన్ లెక్కన మిల్లీలీటరుకి 20 చుక్కలేసుకున్నా నాలుగు లీటర్ల పైమాటే. మీ ట్యాపు చుక్క సెలైన్ చుక్క కన్నా లావుగా ఉంది, అది వేరే సంగతి."

హైదరాబాదులో 2021 నుంచి నెలకి 20 వేల లీటర్లు ఫ్రీయే కదా మామయ్యగారూ అన్నాను. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. చెప్పులేసుకుని బయల్దేరాను.

యాప్‌లో బుక్ చేస్తే వచ్చి చూసినందుకే ఒక చార్జి, చేసినందుకు ఇంకో చార్జి. వీధి చివర హార్డ్‌వేర్ షాపాయనేమో "మనోడున్నడు సార్, రెండొందలిస్తే చాలు, పంపిస్తా" అన్నాడు. చవగ్గా అయిపోతుందనుకుని సంతోషపడుతుంటే మామగారు ఫోన్లోనే బేరమాడి నూటయాభైకి దించారు, ఆ తగ్గిన యాభై ఎటు నుంచి తిరిగొస్తుందో ఆ టైములో మాకెవరికీ తట్టలేదు.

ప్లంబరన్న వచ్చాడు. చేతిలో ఒక పానా, చొక్కా జేబులో సగం అయిపోయిన టెఫ్లాన్ టేపు, ఫ్రేము లేని హెక్సా బ్లేడు. అంతే, అదే మొత్తం సామాను. స్టూలు, పాత గుడ్డ, స్క్రూడ్రైవరు, సుత్తి మావి. టార్చి నా ఫోను. ట్యాపు వైపు కాసేపు చూసి "ఎవడు పెట్టిండు సార్ దీన్ని?" అన్నాడు. డాక్టరు నాలుక చూపించమన్నట్టు ఇది కూడా ఒక పద్ధతి, జవాబుతో పని లేదు.

"లోపల రబ్బరు వాషర్ పోయింది. మీరు తిప్పితే స్పిండిల్ కిందికి దిగి ఆ వాషరే నీళ్ళకు అడ్డం పడ్తది. అది అరిగినంక ఎంత బిగించినా కారుడే. మీరు బలంగ తిప్పి తిప్పి ఇంకా కరాబు జేసిండ్రు. పది రూపాయల పని సార్." నిజం చెప్పాలంటే అతను చెప్పింది అక్షరాలా కరెక్టే, మనిషికి విషయం తెలుసు, అందులో అనుమానం లేదు.

వాషరు తేవాల్సింది మాత్రం నేను. షాపాయన "హాఫ్ ఇంచా, త్రీ ఫోర్తా? క్వార్టర్ టర్న్ ట్యాపైతే వాషరే ఉండదు, కార్ట్రిడ్జి మార్చాలె" అని నన్ను ఇంటర్వ్యూ చేశాడు. వీడియో కాల్ చేస్తే ప్లంబరన్న ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం వల్ల ఆయన చెవి తప్ప ఏం కనబడలేదు. అందాజాగా తెచ్చాను.

అప్పటికే ప్లంబరన్న పైకెళ్ళి ట్యాంకు నీళ్ళు ఆపే గేట్ వాల్ బంద్ చేసొచ్చాడు. మాకు మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు (కృష్ణా నుంచొచ్చినా గోదావరి నుంచొచ్చినా మా వీధిలో మంజీరా అనే అంటారు), మిగతాదంతా బోరే, ఆ ఉప్పుకి ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని వాలు లోపల పట్టేసింది, పైన చక్రం తిరుగుతోంది గానీ లోపల గేటు దిగట్లేదు. ఇది మాకు తర్వాత తెలిసింది. పానా వేసి ఒక్క తిప్పు తిప్పాడు, ట్యాపు చేతికొచ్చింది, దాంతోపాటే గోడలో పైపుకీ ట్యాపుకీ మధ్య ఉండే చిన్న గొట్టం ముక్క, తుప్పు పట్టిన ఇనప నిప్పుల్, సగం వచ్చింది, మిగతా సగం గోడలో ఉండిపోయింది, ఆ బొక్కలోంచి నీళ్ళు ఎదురుగోడకి కొట్టాయి.

మామగారు పరుగున వచ్చి బొటనవేలు పెట్టి "ఒత్తి పట్టుకోవాలి, ఒత్తి పట్టుకోవాలి" అని ఆయనకి ఆయనే చెప్పుకుంటున్నారు. నేను బకెట్లు అందుకుంటున్నాను. మా ఆవిడ వంటింట్లో మిక్సీ ప్లగ్గు తీసేసింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు. కింద నుంచి ఓనరాంటీ "ఏందమ్మా ఆ సప్పుడు?" అని కేక. ప్లంబరన్న ఒక్క దూకులో డాబా ఎక్కాడు, రెండు నిమిషాల్లో నీళ్ళు ఆగిపోయాయి. ఎలా ఆపావన్నా అంటే "ట్యాంకు లోపల సెట్ చేసిన సార్" అన్నాడు. ఆ ఆనందంలో ఇంకేం అడుగుతాం.

ఇక పని పెరిగింది. టైలు పగిలింది. కొత్త నిప్పుల్, ఎల్బో, వైట్ సిమెంటు, పానా దెబ్బకి చిట్లింది కాబట్టి కొత్త ట్యాపు. ప్రతిదానికీ నేనే, షాపాయన చివరికి నాకు స్టూలేసి చాయ్ కూడా తెప్పించాడు. ప్లంబరన్న మాత్రం టేపు చుడుతూ "మర తిరిగే వైపే చుట్టాలె సార్, ఉల్టా చుడితే బిగిచ్చేటప్పుడే ఊడొస్తది" అని నాకు పాఠం చెప్పాడు. సాయంత్రానికి తొమ్మిదొందలు తీసుకుని వెళ్ళిపోయాడు. వాషరు నా జేబులోనే ఉంది.

అతను గడప దాటాక చూస్తే ఇంట్లో ఏ ట్యాపులోనూ నీళ్ళు లేవు.

మామగారు వెంటనే కనిపెట్టేశారు: "ఎయిర్ లాక్! సెలైన్ గొట్టంలో బుడగ చేరినట్టే." ఓనరాంటీ వచ్చి కాదు, బోరు నీళ్ళకి ట్యాపు మూతి దగ్గర జాలీ మూసుకుపోయుంటుంది, విప్పి వెనిగర్‌లో నానబెట్టమంది. అన్ని జాలీలూ ఒకేసారి ఎలా మూసుకుంటాయాంటీ అంటే ఆమెకి కోపమొచ్చింది. ఫోన్ చేస్తే ప్లంబరన్న కూడా "ఎయిర్ లాకే సార్, అన్ని నల్లాలు ఇప్పి పెట్టుండ్రి, గాలి దానంతట అదే పోతది" అన్నాడు. అన్నీ తిప్పి పెట్టి పడుకున్నాం. సింకు, వాష్‌బేసిన్, రెండు బాత్రూములు, బాల్కనీలో వాషింగ్ మెషీన్ ట్యాపు, అన్నీ. పొద్దున్నకి గాలీ లేదు నీళ్ళూ లేవు.

మామగారు డాబా మీంచి దిగొచ్చి "అమ్మాయ్, దండెం మీద ఆరేసిన నా నీలం గళ్ళ లుంగీ ఏదమ్మా?" అన్నారు.

ప్లంబరన్నని మళ్ళీ పిలిపించాం. ఆ మాట వినగానే కాసేపు తల గోక్కుని, మామగారిని వెంటబెట్టుకుని గబగబా పైకెళ్ళాడు. నేను కింద హాల్లో నిలబడ్డాను. "ఆఁ, దొరికింది!" అని ఒక గొంతు, "ఇది నాదేనోయ్!" అని ఇంకో గొంతు వినబడ్డాయి. ఆ వెంటే బాల్కనీలో, వంటింట్లో, రెండు బాత్రూముల్లో ఒక్కసారిగా బుస్సుమంది. మా ఆవిడ సింకు వైపు, నేను బాల్కనీ వైపు పరిగెత్తాం, వాషింగ్ మెషీన్ ట్యాపుకి పైపు తగిలించి లేదు, నీళ్ళు నేరుగా కింద ఓనరాంటీ ఆరబెట్టుకున్న వడియాల మీదికి పోతున్నాయి.

పైనుంచి ప్లంబరన్న అరుస్తున్నాడు: "వస్తున్నయా సార్, నీళ్ళు?"