పధ్నాలుగు నుంచి ఇరవై ఒకటి: మన యువ రైడర్లు ఆగిపోతున్న వయసు

2023 సెప్టెంబరు 26న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, గుర్రంతో నిర్దేశిత కదలికలు చేయించి మార్కులు పొందే డ్రెసాజ్ జట్టు పోటీలో భారత్ 209.205 మార్కులతో చైనాను దాటి స్వర్ణం గెలిచింది. 1982 ఢిల్లీ ఆసియాడ్ తర్వాత గుర్రపు స్వారీలో మనకు దక్కిన తొలి స్వర్ణం అది. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛెడా, అనూష్ అగర్వల్లా చేసిన కృషిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. అయితే ఆ నలుగురూ ఐరోపాలో సాధన చేసినవారే. అనూష్ 17 ఏళ్లకే జర్మనీ చేరి, తర్వాత పారిస్ ఒలింపిక్స్ డ్రెసాజ్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు. ఇల్లు, దేశం వదిలి వెళ్లే స్తోమత లేని పిల్లలకు దారేది అన్న ప్రశ్నకు ఆ పతకం దగ్గర జవాబు లేదు.

గుర్రపు స్వారీ అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ యువ పోటీలను వయసును బట్టి విభజించింది. చిల్డ్రన్ విభాగం 12 నుంచి 14 ఏళ్లకు, జూనియర్ 14 నుంచి 18కి, యంగ్ రైడర్ 16 నుంచి 21కి. ఆపైన 25 ఏళ్లలోపు వారికి మరో విభాగం ఉంది. పుట్టిన తేదీతో పనిలేదు, క్యాలెండర్ సంవత్సరమే లెక్క. డిసెంబరులో పుట్టిన పిల్లవాడు అదే ఏడాది జనవరిలో పుట్టినవాడితో పోటీ పడాల్సిందే. ఏ ఏడాది ఏ విభాగంలో దిగాలో తల్లిదండ్రులు ముందే చూసుకోవడం మంచిది.

మన దగ్గర ఈ మెట్లలో మొదటిదానికి కొరత లేదు. క్లబ్బులున్నాయి, సైన్యం ఉంది, జూనియర్ జాతీయ పోటీలున్నాయి. పైమెట్టుకు చేరిన కొద్దిమందిని కేంద్రం ఒలింపిక్ పతక ఆశావహుల కోసం పెట్టిన టాప్స్ పథకం కింద ఆదుకుంటోంది. జూనియర్, యంగ్ రైడర్ దశల్లో మాత్రం భారమంతా కుటుంబానిదే. పిల్లలు మానేసేదీ అప్పుడే. చదువుల ఒత్తిడే కారణమని అంటుంటారు. నా దృష్టిలో అసలు కారణం గుర్రం.

చిన్నప్పుడు క్లబ్బు గుర్రం చాలు. జూనియర్ స్థాయికి వచ్చేసరికి ఆ స్థాయి పాఠం ముందే నేర్చిన గుర్రం కావాలి. మన రైడింగ్ స్కూళ్లలో ఎక్కువగా ఉండేవి రేసులు మానేసిన థరోబ్రెడ్ జాతి గుర్రాలు. తెలివైనవి, ధైర్యం గలవి. కానీ రేసు గుర్రం పగ్గం బిగిస్తే కళ్లేన్ని ఆనుకుని ముందుకు సాగడం నేర్చింది. డ్రెసాజ్‌కు కావలసింది బరువును వెనక కాళ్లపైకి తెచ్చుకునే నడక. పైగా ఒకే దిశలో పరుగెత్తి పెరగడం వల్ల శరీరం ఒకవైపు బిగుసుకుని ఉంటుంది. ముందు దాణాలో గింజలు తగ్గించి కొన్ని వారాలు విశ్రాంతినివ్వాలి. తర్వాత పొడవాటి తాడుపై రోజుకు ఇరవై నిమిషాలు, రెండు వైపులా సమానంగా తిప్పాలి. పిల్లల చేతికి ఇచ్చే ముందు అనుభవమున్న రైడర్ ఆరు నెలల నుంచి ఏడాది దాకా దానిపై పనిచేయాలి. ఈ పని నెలలో ముగించి అడ్డంకులు దూకిస్తే, గుర్రం మొరాయిస్తుంది. పిల్లవాడు పడతాడు. ఎముక అతుక్కున్నా ధైర్యం తిరిగి రాకపోవచ్చు.

సొంత గుర్రం కొందామంటే ఖర్చు కొనుగోలుతో ఆగదు. 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు పది కిలోల ఎండుమేత, గింజలు కావాలి. ఐదారు వారాలకోసారి నాడాలు మార్చాలి. ఏటా పళ్లు అరగదీయించాలి. టీకాలు, గుర్రాన్ని చూసుకునే సైస్ జీతం ఆగవు. ఎఫ్‌ఈఐ పోటీలో దిగాలంటే ఇన్‌ఫ్లుయెంజా టీకా పడి ఆరు నెలల 21 రోజులు దాటకూడదు. గుర్రం పాస్‌పోర్టులో ఆ నమోదు తప్పితే వచ్చిన దారిన వెనక్కే.

ఇంత చేసి పెంచిన గుర్రాన్నీ వ్యాధుల నిబంధనల వల్ల ఐరోపా పోటీలకు తీసుకెళ్లి తిరిగి తేవడం ఇన్నాళ్లూ దాదాపు అసాధ్యం. అందుకే స్తోమత ఉన్నవారు గుర్రాన్ని అక్కడే కొని, అక్కడే ఉంటున్నారు. మీరట్ కంటోన్మెంట్‌లో సైన్యం గుర్రాలను, పశువైద్యాన్ని చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రాన్ని వ్యాధిరహిత ప్రాంగణంగా 2025 జులైలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తించడం పెద్ద మలుపు. అక్కడ ఉంచిన గుర్రాలకు విదేశీ పోటీల దారి తెరుచుకుంటుంది. కానీ ఆ ప్రాంగణంలో చోటు యువ రైడర్ల గుర్రాలకూ ఇవ్వాలి. ఎంపిక సైన్యం జట్టుకే పరిమితమైతే సామాన్యుల పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు.

గుర్రాన్ని దేశం దాటించకుండానే అంతర్జాతీయ అనుభవం ఇచ్చే మార్గం ఇప్పటికే ఉంది. ఎఫ్‌ఈఐ వరల్డ్ డ్రెసాజ్ చాలెంజ్‌లో న్యాయనిర్ణేతలే దేశదేశాలూ తిరుగుతారు, శిక్షణ తరగతులూ పెడతారు. అడ్డంకులు దూకించే జంపింగ్ చాలెంజ్‌లో అన్ని దేశాలకూ అడ్డంకుల అమరిక ఒకటే. మన గడ్డపై స్వారీ చేసిన పిల్లవాడి స్కోరు ఇతర దేశాలవారి పక్కన నిలుస్తుంది. యూత్ ఒలింపిక్స్‌లోనైతే ఆతిథ్య దేశం ఇచ్చే గుర్రాలను లాటరీలో పంచారు. తెలియని గుర్రాన్ని కొద్ది రోజుల్లో అర్థం చేసుకోవడం అసలైన నైపుణ్యం. జాతీయ జూనియర్ పోటీల్లోనూ ఇలాంటి విభాగం పెడితే సొంత గుర్రం లేనివారి ప్రతిభ బయటపడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఆరంభానికి చవకైన ద్వారం ఎన్‌సీసీ. తిరుపతిలోనూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ వెటర్నరీ విశ్వవిద్యాలయాల దగ్గర స్వారీ నేర్పే ఎన్‌సీసీ రిమౌంట్ వెటర్నరీ యూనిట్లున్నాయి. అమ్మాయిలకూ చోటుంది. ప్రైవేటు స్కూల్లో చేర్చేవారు రుసుము కంటే ముందు గుర్రాలను చూడాలి. జీను పడే చోట పుండ్లు ఉన్నాయా, ఒక్కో గుర్రం రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తోంది అని అడగాలి. రెండు మూడు గంటలు దాటితే వేరే స్కూలు వెతకాలి. మొదటి నెలల్లో తాడుపై, పగ్గాలూ రికాబులూ లేకుండా కూర్చోబెట్టే కోచ్ పిల్లవాడి సమయం వృథా చేయడం లేదు, కూర్చునే తీరును స్థిరపరుస్తున్నాడు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ చూపుకు బాగున్నా మార్చాల్సిందే.

ప్రభుత్వాలు ఒక్కో రైడర్‌ను విదేశాలకు పంపే ఖర్చులో కొంతైనా ఉమ్మడి గుర్రాలపై పెట్టాలన్నది నా వాదన. శిక్షణ పూర్తయిన ఏడెనిమిది గుర్రాలు, సైన్యం నుంచి విరమణ పొందిన ఇద్దరు శిక్షకులు, నాడాలు వేసే నిపుణుడు, ఒక పశువైద్యుడు ఉంటే రాష్ట్రానికో కేంద్రం నడుస్తుంది. ఏటా ట్రయల్స్ పెట్టి, 14 ఏళ్లు నిండినవారిలో మంచి రైడర్లకు ఏడాదిపాటు అదే గుర్రాన్ని కేటాయించాలి. గుర్రం వారానికోసారి మారుతుంటే జత కుదరదు, జత కుదరకపోతే డ్రెసాజ్‌లో మార్కులు రావు.