ఫోన్లో చెరువు

భీమవరం దగ్గర ఓ ఊరు. తెల్లవారుజామున మూడు దాటింది. సత్తిబాబుకి మూడెకరాల వనామీ రొయ్యల చెరువు, లీజుకి తీసుకుంది. పక్కనే వరలక్ష్మి. పెళ్ళై ఇరవై రెండేళ్ళు, చెరువు నీళ్ళు కొలిచి ఫోన్‌కి చెప్పే మిషను పెట్టి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో జరిగిన గొడవలే ఎక్కువ.

వరలక్ష్మి: ఏవండీ... ఏవండోయ్! కరెంటు పోయింది లేవండి.

సత్తిబాబు: ఊఁ... ఫ్యాను తిరుగుతుందిగా.

వరలక్ష్మి: అది ఇన్వర్టరు మీద తిరుగుతుంది. చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లకి కూడా ఇన్వర్టరు పెట్టారా ఏంటి?

సత్తిబాబు: అబ్బ, డీవో, అదే నీళ్ళలో ఆక్సిజన్, తగ్గితే ఫోన్ మోగుద్దే, అందుకేగా అంత డబ్బులు పోసి పెట్టింది. ఇదిగో చూడు, 5.2. పచ్చ రంగు. పడుకో.

వరలక్ష్మి: దాని కింద చిన్న అక్షరాలున్నాయి, చదవండి.

సత్తిబాబు: కళ్ళజోడు ఎక్కడో పెట్టా.

వరలక్ష్మి: నేను చదువుతా వినండి. ఆఖరిసారి అప్‌డేట్ అయింది 1:40కి. ఇప్పుడు 3:05. అంటే మీరు చూసేది గంటన్నర కిందటి నీళ్ళు! షెడ్లో కరెంటు పోతే రౌటర్ పోయింది, రౌటర్ పోతే మిషను నోరు పడిపోయింది, మీరేమో నోరు పడిపోయినోణ్ణి పట్టుకుని ఏం మాట్లాడట్లేదు కాబట్టి అంతా బాగానే ఉందంటున్నారు.

సత్తిబాబు: బండి తాళం ఎక్కడే?

(బండి మీద. ఆయన నడుపుతున్నాడు, ఈవిడ వెనకాల టార్చి పట్టుకుని కూర్చుంది. గొడవ మాత్రం ఆగలేదు.)

వరలక్ష్మి: కాపలా మనిషిని మానిపించొద్దంటే విన్నారా? కరెంటు పోతే వాడే లేచి ఇంజను స్టార్ట్ చేసేవాడు. వాడికి వైఫై అక్కర్లేదు.

సత్తిబాబు: వాడు నిద్రపోయేవాడు!

వరలక్ష్మి: మీరు ఇప్పటిదాకా ఏం చేశారు?

సత్తిబాబు: మాఘమాసంలో మూడ్రోజులు మబ్బు పట్టినప్పుడు డీవో 3.1కి పడిపోతే ఎవరు లేపారు మనల్ని? ఈ మిషనే. ఆ రోజు కాపలావాడు కూడా ఉన్నాడు, దుప్పటి కప్పుకుని.

వరలక్ష్మి: అది నిజమేలెండి, ఆ పూట అదే కాపాడింది, నేను కాదనట్లేదు. కరెంటు బిల్లు కూడా తగ్గింది, పగలు ఊరికే తిరిగే ఏరియేటర్లు ఆగుతున్నాయి కాబట్టి. కానీ పగలంతా ఎండకి నాచు ఆక్సిజన్ వదులుద్ది, రాత్రయితే అదే పీల్చుకుంటది, తెల్లారేలోపే చెరువుకి గండమని మా నాన్నకి ఏ యాపు చెప్పింది? ఆ గుంట చూసుకుని నడపండి!

(చెరువు గట్టు. రొయ్యలు వారకొచ్చి తేలుతున్నాయి, టార్చి వెలుగులో వాటి కళ్ళు ఎర్రగా నిప్పుకణాల్లా మెరుస్తున్నాయి. ఇంజను మూడోసారికి అందుకుంది. ఏరియేటర్లు నీళ్ళు కొట్టడం మొదలెట్టాక గానీ ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.)

సత్తిబాబు: హమ్మయ్య. రౌటర్‌కి ఓ బ్యాటరీ పెట్టిస్తా, సిమ్ కార్డు మిషను కూడా ఒకటి పెడతా, అదీ నెట్టు పోతే వెంటనే అరిచేది. ఇంక గొడవే ఉండదు.

వరలక్ష్మి: గొడవ ఉండదా? షెడ్లో కెమెరా సంగతేంటి? పక్క చెరువు వాళ్ళబ్బాయి నిన్న నన్నడిగాడు, పిన్నీ బాబాయ్ మధ్యాహ్నమంతా కుర్చీలో గురక పెడుతున్నాడు ఒంట్లో బాలేదా అని. నాకేమో రొయ్యలు మేత తిన్నాయో లేదో చెక్ ట్రేలు చూస్తన్నా అని ఫోన్ చేశారు.

సత్తిబాబు: వాడికెలా కనపడిందే?

వరలక్ష్మి: కెమెరా పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా మీరు? అడ్మిన్, మళ్ళీ అడ్మిన్. వాడు మొదటిదే కొట్టాడంట, తెరుచుకుందంట. అమ్మాయి చెప్పింది, 2016లో ప్రపంచమంతా ఇలాంటి కెమెరాలూ రౌటర్లే లక్షల్లో, ఓ అరవై మామూలు పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి వాటిల్లో దూరిపోయారంట, మిరాయ్ అని ఆ దొంగ ప్రోగ్రామ్ పేరు, అక్టోబర్ 21న వాటన్నిటినీ నెట్‌లో సైట్ల అడ్రసులు చూపించే ఒకే అమెరికా కంపెనీ మీద పడేలా చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ అన్నీ గంటలకొద్దీ పడుకున్నాయంట.

సత్తిబాబు: అంటే మన షెడ్డు కెమెరా కూడా అమెరికా మీదకి యుద్ధానికెళ్ళుద్దా? చిన్నోడికి రెండుసార్లు వీసా రాలేదు, దీనికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదా?

వరలక్ష్మి: నవ్వండి నవ్వండి. అక్కడ ఓ కేసినోలో చేపల తొట్టెకి నెట్ కనెక్షన్ సెన్సర్ పెడితే, దాంట్లోంచి దూరి లోపల డేటా పట్టుకుపోయారంట. చేపల తొట్టె అండీ! మనది మూడెకరాలు.

సత్తిబాబు: మన దగ్గర ఏముందే పట్టుకుపోడానికి, మేత బస్తాల లెక్కా?

వరలక్ష్మి: ఆ లెక్కే. ఎన్ని బస్తాలు మేత వేశాం, కిలోకి ఎన్ని రొయ్యల కౌంట్ వచ్చింది, ఏ వారం పట్టుబడి, చెరువులో ఎన్ని టన్నులుంటాయి, అన్నీ ఆ యాపులో మీరే రోజూ కొడుతున్నారుగా. కొనేవాడికి అది ముందే తెలిసిందనుకోండి, మీకు డబ్బు తొందరని కూడా తెలుస్తుంది, అప్పుడు రేటు మీరు చెప్తారా వాడు చెప్తాడా?

(ఈ మాటకి సత్తిబాబు నిజంగానే ఆగాడు. రేటు మాట వస్తే ఏ రైతైనా ఆగుతాడు.)

సత్తిబాబు: ...మరి ఆ అమ్మేవాడే ముందే సరిగ్గా పెట్టి అమ్మొచ్చుగా?

వరలక్ష్మి: బ్రిటన్లో 2024 ఏప్రిల్ నుంచి అలాంటి అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకూడదని చట్టం పెట్టారంట. ఇక్కడ కూడా 2025లో కెమెరాలకి పరీక్షలు పెట్టారంట. మీది అప్పటికే సంతలో బేరమాడి తెచ్చారుగా, రెండొందలు తగ్గించాడని ఊరంతా చెప్పుకున్నారు.

సత్తిబాబు: సరే సరే! ఇప్పుడే మారుస్తా, ఫోనివ్వు. ఎవడికీ దొరకనిది పెడతా చూడు. పెద్దక్షరం ఒకటుండాలంట... అంకె ఉండాలంట... ఆ గుర్తు ఉండాలంట... ఇదిగో అయిపోయింది. ఇంక బ్రహ్మదేవుడొచ్చినా తియ్యలేడు.

వరలక్ష్మి: మర్చిపోతారు కదా, పోయిన నెల బ్యాంకుది మర్చిపోయారు.

సత్తిబాబు: ఎందుకు మర్చిపోతా? ఇదిగో, షెడ్లో కేలండర్ మీద మార్కరుతో ఇంత పెద్దగా రాశా. కళ్ళజోడు లేకపోయినా కనపడుద్ది.

వరలక్ష్మి: ఏవండీ.

సత్తిబాబు: ఏంటే మళ్ళీ?

వరలక్ష్మి: ఆ కెమెరా ఎటు చూస్తందో ఓసారి చూడండి.

సత్తిబాబు: ... కేలండర్ వైపు.

వరలక్ష్మి: నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పక్క చెరువబ్బాయి. ఇంకా పడుకోలేదంట వాడు.

సత్తిబాబు: ఏమంటున్నాడు?

వరలక్ష్మి: పిన్నీ, ఆ మూడు పక్కనున్నది సున్నానా, ఓ అక్షరమా అని.