చెట్లు కొట్టడమొక్కటే కాదు, రాయి స్వభావం కూడా చూడాలి
నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్‌ కొండదారిలో వానాకాలం రోడ్డు మీద బండలు పడేది చెట్లు కొట్టేయడం వల్లేనని ఒక వ్యాసంలో తేల్చేశారు. సగమే ఒప్పుకుంటా. అందులో ఈ ఘాట్‌ను హన్మకొండ గుట్టలతో పోల్చడమైతే అసలు కుదరదు. అక్కడిది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్, ఇక్కడిది 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా, అంటే బసాల్ట్. ఇలాంటి గుట్టను రోడ్డు కోసం కోస్తే పైన నిలువు పగుళ్ళున్న గట్టి నల్లరాయి, కింద బుడగల గుంతలతో మెత్తటి పొర, కొన్నిచోట్ల ఎర్రమట్టి పట్టీ బయటపడతాయి. నీళ్ళు పగుళ్ళలోంచి దిగి మెత్తటి పొర దగ్గర ఆగి పక్కకు ఊరతాయి. ఆ పొర మొరంగా రాలిపోతే పైబండకు కింద ఆధారం ఉండదు. వాన వెలిశాక కూడా రాళ్ళు పడేది అందుకే. టేకు వేళ్ళు పైమట్టిని పట్టి ఉంచుతాయి గానీ బండను ఆపవు, పగులులో లావు వేరు దూరిందంటే దాన్ని ఇంకా వెడల్పు చేస్తుంది. మొక్కలు నాటండి, వద్దనను. ముందు మృగశిర కార్తె లోపు గుట్టవైపు కాలువలో పేరుకున్న మొరం, టేకాకు ఎత్తేయించాలి. చేటంత ఆకులు నాలుగు చాలు కల్వర్టు (రోడ్డు కింది తూము) మూతి మూసుకుపోవడానికి, ఆ తర్వాత నీళ్ళు రోడ్డెక్కి లోయవైపు అంచును కోస్తాయి. గుట్ట మట్టి జారకుండా కట్టే రిటైనింగ్ గోడకు నీళ్ళు పోవడానికి వదిలిన రంధ్రాల్లోంచి పెద్దవానలో కూడా నీళ్ళు రాకపోతే గోడ బాగుందనుకోవద్దు. నీళ్ళు దిగడానికి గోడ వెనక పోసిన కంకర మట్టితో పూడుకుపోయి ఉంటుంది, అప్పుడు నీటి బరువంతా గోడ మీదే. బయటినుంచి గడ్డపారతో పొడిస్తే లాభం లేదు, వెనక తవ్వి కంకర మార్చాల్సిందే.